అలారం ‘వెంట్ ఆఫ్’ అంటే మోగిందా, ఆగిందా? ఫ్రేజల్ వెర్బులను దారికి తెచ్చుకునే పద్ధతి

మన చెవికి ‘ఆఫ్’ అంటే ఆగిపోవడమే. ఫ్యాను ఆఫ్, మోటారు ఆఫ్, ఫోను స్విచాఫ్. అందుకే ‘ది అలారం వెంట్ ఆఫ్ ఎట్ ఫోర్’ అని ఎవరైనా అంటే, పాపం నాలుగింటికి అలారం ఆగిపోయినట్టుంది అనుకుంటాం. నిజానికి అది నాలుగింటికి గణగణ మోగింది. అదే ‘గో ఆఫ్’ కరెంటు పక్కన చేరితే పోవడం. బాంబు పక్కన చేరితే పేలడం. పాల పక్కన చేరితే విరిగిపోవడం. ‘ఐ హావ్ గాన్ ఆఫ్ కాఫీ’ అంటే కాఫీ మీద మనసు విరిగింది అని. పాలకూ మనసుకూ మనం కూడా ఒకే మాట వాడతామన్నది ఇక్కడ కాస్త ఊరట.

ఒక మామూలు క్రియ వెనక అప్, ఆఫ్, ఔట్, డౌన్, ఆన్ లాంటి చిన్న మాట చేరి, ఆ రెండింటినీ కూడినా రాని మూడో అర్థం ఇస్తే దాన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన ఆంగ్ల నిఘంటువు అచ్చువేసినప్పుడే, విదేశీయులకు అన్నిటికంటే కష్టమైనవి ఇవేనని ముందుమాటలో రాశాడు. కాబట్టి కావలిలోనో ఒంగోలులోనో కూర్చుని మీరు వీటి దగ్గర తడబడుతున్నారంటే సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

మన వైపు చదువుకున్నవారి ఇబ్బంది మాత్రం కొంచెం విచిత్రంగా ఉంటుంది. ‘పోస్ట్‌పోన్’, ‘టాలరేట్’, ‘ఇన్వెస్టిగేట్’, ‘ఎక్స్‌టింగ్విష్’ అన్నీ వచ్చు. ‘పుట్ ఆఫ్’, ‘పుట్ అప్ విత్’, ‘లుక్ ఇంటు’, ‘పుట్ ఔట్’ అనగానే ఆగిపోతారు. రెండు వరుసల్లోనూ ఉన్నవి అవే నాలుగు అర్థాలు: వాయిదా వేయడం, ఓర్చుకోవడం, విచారించడం, ఆర్పడం. మనకు ఆంగ్లం పాఠ్యపుస్తకాల నుంచీ కార్యాలయాల కాగితాల నుంచీ వచ్చింది. ఆ కాగితాల నిండా లాటిన్, ఫ్రెంచి సంతతి మాటలే. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కోర్టుల్లో, కొలువుల్లో చాలాకాలం ఫ్రెంచిదే పెత్తనం. వంటింట్లో, పొలంలో మాత్రం పాత చిన్న మాటలే నిలిచాయి. చీమకుర్తి గ్రానైట్ కొనే విదేశీ వ్యాపారి ఫోనులో మాట్లాడేది ఆ ఇంటి భాషే. అమెరికాలో మీ కోడలి పక్కింటివాళ్లు పలకరించేదీ ఆ భాషతోనే.

ఒక్క సలహా ముందే చెబుతాను. బస్టాండు దుకాణాల్లో దొరికే వెయ్యి ఫ్రేజల్ వెర్బుల పుస్తకం కొని మొదటి అక్షరం నుంచి బట్టీ పట్టకండి. రెండో అక్షరంలో ‘బ్రేక్’ దగ్గరే అది మిమ్మల్ని ముంచుతుంది. బ్రేక్ ఇన్, బ్రేక్ ఔట్, బ్రేక్ అప్, బ్రేక్ ఆఫ్, బ్రేక్ డౌన్ ఒకే పేజీలో వరుసగా నిలబడితే ఒకదాని అర్థం ఇంకొకదానికి అంటుకుంటుంది. ఒకేలా ఉన్నవాటిని ఒకేసారి నేర్చుకోవడమంత చెడ్డ పద్ధతి ఇంకొకటి లేదని నా గట్టి నమ్మకం.

ముందు మీ నోట్లో ఉన్నవి ఏరుకోండి

ఒక కాగితం తీసుకుని, తెలుగులో మాట్లాడేటప్పుడే మీరు వాడే జంటలన్నీ రాయండి. సంబంధం వర్కౌట్ కాలేదు. బండికి పికప్ లేదు. హెడ్మాస్టరుగారికి సెండాఫ్. లారీ బ్రేక్‌డౌన్ అయింది. ప్రతిపక్షం వాకౌట్ చేసింది. ఆసుపత్రిలో చెకప్. ఫొటోలకు బ్యాకప్. మండపంలో సెటప్. క్రికెట్‌లో రనౌట్. ఎవరూ నేర్పకుండానే పదో పదిహేనో తేలతాయి.

ఇప్పుడు వీటిలో ఒక్కోదాన్ని క్రియగా మార్చండి. పేరుగా ఉన్నప్పుడు ఇవి ఎక్కువగా ఒకే మాటగా కలిసి ఉంటాయి, పలకడంలో ఒత్తు మొదటి సగం మీద పడుతుంది. పనిని చెప్పేటప్పుడు రెండు మాటలుగా విడిపోతాయి, ఒత్తు రెండోదాని మీదికి జారుతుంది. ‘లాగిన్’ పేరు, ‘లాగ్ ఇన్’ పని. మనవాళ్లు రెండింటినీ ఒకే తీరున పలుకుతారు. అర్థం కాకపోవడానికి సగం కారణం అదే. కొత్త జంట నేర్చుకున్నప్పుడల్లా చిన్న మాటను కాస్త గట్టిగా ఒత్తి రెండుమూడు సార్లు పైకి అనండి. ‘టర్న్ ఇట్ ఆఫ్’లో వినబడాల్సింది ‘ఆఫ్’. ‘టర్న్’ మింగేసినా నష్టం లేదు.

మార్చేటప్పుడు అర్థం ఎక్కడ జారుతోందో చూసుకోండి. స్కూల్లో చేసేది సెండాఫ్ సరే, కానీ నెల్లూరు స్టేషన్‌కు వెళ్లి కొడుకును పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కించి చేయి ఊపి రావడం ‘సీ ఆఫ్’. ‘సెండ్ ఆఫ్’ అని క్రియగా అంటే పార్సిలో ఉత్తరమో పంపడం, లేదా ఫుట్‌బాల్‌లో రెఫరీ ఆటగాణ్ని బయటికి గెంటడం. మన బండి పికప్ వేగం అందుకోవడం. అమెరికాలో పికప్ అంటే వెనక తొట్టి ఉన్న చిన్న లారీ. ‘వర్కౌట్’ అని పేరుగా అంటే వాళ్లకు కసరత్తే గుర్తొస్తుంది. సంబంధం కుదరలేదని చెప్పాలంటే ‘ఇట్ డిడ్ నాట్ వర్క్ ఔట్’ అని క్రియగానే అనాలి. క్రికెట్ రనౌట్ మీకు తెలుసు. ‘వుయ్ హావ్ రన్ ఔట్ ఆఫ్ డీజిల్’ అన్నప్పుడు ఎవరూ వికెట్ కోల్పోలేదు, డబ్బాలో డీజిల్ అయిపోయింది.

ముక్కలు చేయకండి

కృష్ణపట్నం ఓడరేవుకు పనికి వచ్చిన ఒక ఒడిశా యువకుడు మీ దగ్గర తెలుగు నేర్చుకుంటున్నాడనుకోండి. ‘మా మాట కొట్టిపారేశారు’ అన్నది విని, ఎవరిని కొట్టారు, ఎక్కడ పారేశారు అని అడిగితే ఏం చెబుతారు? పట్టించుకోవడం, పట్టుబట్టడం, పట్టుబడటం మూడింటిలోనూ ‘పట్టు’ ఉంది. మొదటిది లక్ష్యపెట్టడం, రెండోది మొండికేయడం, మూడోది దొరికిపోవడం. మనం వీటి దగ్గర ఒక్కసారి కూడా తడబడం. ఎందుకంటే ఎవరో ఎవరినో అంటుండగా నిండు వాక్యంలో విన్నాం తప్ప విడి ముక్కలను కూడబెట్టుకుని నేర్చుకోలేదు.

ఆంగ్లంలోనూ అలాగే చేయండి. ‘గివ్ అప్’ అంటే ‘పైకి ఇవ్వడం’ ఎలా అవుతుందని బుర్ర బద్దలు కొట్టుకోకుండా, ఆ చోట మీ అమ్మ ఏ తెలుగు మాట అనేదో ఆలోచించండి. ‘టర్న్డ్ ఔట్’కు చక్కని తెలుగు ‘తీరా చూస్తే’. ‘గెట్ బై’ అంటే ఏదోలా నెట్టుకురావడం. ‘గెట్ ఓవర్’ తేరుకోవడం. ‘లెట్ డౌన్’ నమ్మినవాళ్లను నట్టేట ముంచడం. ‘లుక్ డౌన్ ఆన్’ చిన్నచూపు చూడటం. ‘రన్ ఇంటు’ అనుకోకుండా ఎదురుపడటం. ‘దే ఫెల్ ఔట్’ అంటే ఎక్కడి నుంచో కింద పడలేదు, వాళ్లిద్దరికీ చెడింది. ‘లుక్ ఆఫ్టర్’ మరీ సులువు, చూసుకోవడం. మనం కూడా చూపుతోనే బాధ్యత చెబుతాం.

ఇలా వాక్యానికి వాక్యం పట్టుకుంటే అతుకుతుంది. మాటకు మాట పట్టుకుంటే విరుగుతుంది. నిఘంటువు ఇచ్చే పొడి అర్థం కంటే మీ ఇంట్లో అనుకునే వాక్యం ఎక్కువ రోజులు గుర్తుంటుంది.

పక్కన ఎవరున్నారో చూడండి

అసలు పని ఇక్కడ ఉంది. ఒక జంటకు ఆరేడు అర్థాలున్నాయని భయపడతారు కానీ, ఒక వాక్యంలో ఒక్క అర్థమే పలుకుతుంది. అది ఏదో చెప్పేది పక్కన ఉన్న నామవాచకం. అందుకని జంట కనబడగానే రెండు ప్రశ్నలు వేసుకోండి: ఈ పని చేస్తున్నది ఎవరు లేదా ఏది? దేన్ని చేస్తున్నారు?

‘పిక్ అప్’ తీసుకోండి. పెన్నును పిక్ అప్ చేస్తే కింద పడినదాన్ని తీయడం. ఫోనును అయితే ఎత్తడం, మనమూ ఎత్తడమనే అంటాం. బడి నుంచి పిల్లను అయితే వెళ్లి తీసుకురావడం. ఒక భాషను అయితే ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండా వినీ వినీ పట్టేయడం. చెన్నైలో రెండేళ్లు ఉన్న నెల్లూరువాళ్లకు తమిళం వచ్చేది ఇలాగే. జలుబునో జ్వరాన్నో అయితే అంటించుకోవడం. రేడియో ఒక స్టేషన్‌ను పిక్ అప్ చేస్తే అందుకోవడం. ఇవన్నీ ఒకరు ఇంకొకదాన్ని చేసేవి. ఇక ‘దేన్ని?’ అన్న ప్రశ్నకు జవాబే లేని వాక్యాలు ఉంటాయి. ‘ప్రైసెస్ పిక్డ్ అప్’ అంటే టంగుటూరు పొగాకు వేలం కేంద్రంలో ధర పుంజుకుంది. ‘ది విండ్ పిక్డ్ అప్’ అంటే మైపాడు తీరంలో గాలి ఉధృతమైంది. పని చేసేది ధరో గాలో వ్యాపారమో అయి, కర్మ లేకపోతే, అర్థం పుంజుకోవడమే. ఈ ఒక్క గుర్తు పట్టుకుంటే ఆర్థిక వార్తల్లో సగం తేలికపడతాయి.

‘టేక్ ఆఫ్’ కూడా ఇదే తీరు. విమానం టేక్ ఆఫ్ అయితే ఎగరడం. చెప్పులను అయితే విడవడం, గుడి ముందు బోర్డుల్లో చూసే ఉంటారు. సోమవారాన్ని టేక్ ఆఫ్ చేస్తే ఆ రోజు సెలవు పెట్టడం. బిల్లులో నుంచి వంద రూపాయలు అయితే తగ్గించడం. కొత్త హోటల్ టేక్ ఆఫ్ అయితే పుంజుకోవడం కంటే ఒక మెట్టు ఎక్కువ, ఒక్కసారిగా అందుకోవడం. మనిషి టేక్ ఆఫ్ అయితే హడావిడిగా వెళ్లిపోవడం. పొరుగింటి పెద్దాయన నడకను, గొంతును టేక్ ఆఫ్ చేస్తే అనుకరించి నవ్వించడం, ఇది బ్రిటిష్‌వాళ్ల వాడుక.

విమానం సంగతి వచ్చింది కాబట్టి రాకెట్ గురించీ ఒక మాట. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నా 2022 దాకా మన నెల్లూరు జిల్లాలోదే. ప్రయోగం రోజున మేడ ఎక్కి చూసే అలవాటు జిల్లా మారినంత మాత్రాన పోలేదు. రాకెట్టు నిట్టనిలువుగా లేస్తుంది కనుక వ్యాఖ్యాతలు దానికి ‘లిఫ్ట్ ఆఫ్’ అంటారు. పరుగెత్తి లేచే విమానానికి ‘టేక్ ఆఫ్’ అంటారు. చంద్రయాన్-2 ఇంకో పాఠం కూడా చెప్పింది. 2019 జూలై 15 తెల్లవారుజామున 2.51కి అది బయలుదేరాలి. 56 నిమిషాల ముందు కౌంట్‌డౌన్ నిలిపేశారు. ఇస్రో ఆనాడు వాడిన మాట ‘కాల్డ్ ఆఫ్’, దాని వెంట ‘ఫర్ టుడే’. ‘కాల్ ఆఫ్’ అంటే రద్దు, ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా. ఆ రాత్రి ప్రయత్నం రద్దయింది, యాత్ర మాత్రం వాయిదా పడింది, జూలై 22 మధ్యాహ్నం 2.43కి ఎగిరింది. ‘ఫర్ టుడే’ లేకుండా ఒట్టి ‘కాల్డ్ ఆఫ్’ అని ఉంటే చాలామంది యాత్రే పోయిందనుకునేవారు. పెళ్లి విషయంలో ఈ రెండూ తారుమారు చేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

‘పుట్ ఆఫ్’కు ఇంకో అర్థం ఉంది, కర్మగా పని బదులు మనిషి వస్తే. ‘ది స్మెల్ పుట్ హిమ్ ఆఫ్’ అంటే ఆ వాసనకు అతనికి తినబుద్ధి కాలేదు. మామిడికాయ వేసిన నెల్లూరు చేపల పులుసు ముందు ఇలా అనేవాళ్లు ఉంటారని నమ్మడం నాకు కష్టం, అయినా వాడుక అదే.

మీ పనిలో జరిగే ఒక రాత్రిని తీసుకుని మీరే వాక్యాలు కట్టుకోండి. ముత్తుకూరు వైపు రొయ్యల చెరువు ఉందనుకుందాం. రాత్రి కరెంటు పోయింది: వెంట్ ఆఫ్. నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు ఆగాయి. జనరేటరు తనంతట తాను అందుకుంది: కిక్డ్ ఇన్. కాసేపటికి డీజిల్ అయిపోయింది: రాన్ ఔట్. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయింది: వెంట్ డౌన్. రొయ్యలు వరసగా చచ్చిపోయాయి: డైడ్ ఆఫ్. మాట ఇచ్చిన కొనుగోలుదారుడు వెనక్కి తగ్గాడు: బ్యాక్డ్ ఔట్. బేరం చెడింది: ఫెల్ త్రూ. నష్టం కలగకూడదు కానీ, భాష నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి కథ దొరకదు. ఒకే వరుసలో ఏడు జంటలు, ఒకదాని అర్థం ఇంకొకదానికి అంటుకునే ప్రమాదం లేదు, ఎందుకంటే ప్రతిదాని పక్కన వేరే వస్తువు నిలబడి ఉంది. పొగాకు రైతు అయితే బ్యారన్ చుట్టూ, కండక్టరు అయితే బస్సు చుట్టూ ఇలాంటిదే అల్లుకోండి.

చిన్న మాట ఎటు మొగ్గుతుందో చెవి పెట్టండి

అప్, ఆఫ్, ఔట్ లాంటివి పూర్తిగా ఇష్టారాజ్యంగా ఏమీ ఉండవు. ‘అప్’ చాలాచోట్ల పూర్తిచేయడాన్ని చెబుతుంది. ఈట్ అప్, డ్రింక్ అప్, యూజ్ అప్. మన ‘తినేయడం’, ‘తాగేయడం’, ‘వాడేయడం’లో చివరి ‘వేయడం’ చేసే పని అదే. ‘ఆన్’ కొనసాగింపు: గో ఆన్, క్యారీ ఆన్, కీప్ ఆన్. ‘డౌన్’ తగ్గడం లేదా కాగితం మీద పెట్టడం: స్లో డౌన్, రైట్ డౌన్, నోట్ డౌన్. ‘అవే’ దూరం చేయడం. ‘ఔట్’ బయటపడటం, అందరికీ చేరడం, అయిపోవడం.

ఇది మొగ్గు మాత్రమే, చట్టం అనుకుంటే దెబ్బతింటారు. ‘టర్న్ అప్’, ‘టర్న్ డౌన్’ రేడియో శబ్దం విషయంలో ఎదురెదురు మాటలు. మనిషి ‘టర్న్ అప్’ అయితే రావడం, సంబంధాన్ని ‘టర్న్ డౌన్’ చేస్తే వద్దనడం. ఈ రెండూ ఎదురెదురు కావు. దరఖాస్తును బ్రిటన్‌లో ‘ఫిల్ ఇన్’ చేస్తారు, అమెరికాలో ‘ఫిల్ ఔట్’ చేస్తారు, మనం ‘ఫిల్ అప్’ చేస్తాం. లోపలికైనా బయటికైనా పైకైనా నింపేది అదే ఫారం. ఇల్లు ‘బర్న్ డౌన్’ అయినా, కాగితాలు ‘బర్న్ అప్’ అయినా మిగిలేది బూడిదే.

మధ్యలో దూరేది ఏది

వ్యాకరణంలో మీరు నేర్చుకోవాల్సిన నియమం ఒక్కటే పెద్దది. కొన్ని జంటలు విడిపోతాయి, మధ్యలో వస్తువు కూర్చుంటుంది. ‘టర్న్ ఆఫ్ ద లైట్’ అనవచ్చు, ‘టర్న్ ద లైట్ ఆఫ్’ అనవచ్చు. వస్తువు పేరు బదులు ఇట్, హిమ్, హర్, దెమ్ వస్తే మాత్రం అది మధ్యలోనే ఉండాలి: ‘టర్న్ ఇట్ ఆఫ్’. ‘టర్న్ ఆఫ్ ఇట్’ అనగానే మీది నేర్చుకున్న ఆంగ్లమని తెలిసిపోతుంది. ‘లుక్ ఆఫ్టర్’, ‘రన్ ఇంటు’, ‘లుక్ ఇంటు’ లాంటివి విడిపోవు, ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనే అనాలి. మూడు మాటల గుంపులు, అంటే ‘పుట్ అప్ విత్’, ‘లుక్ ఫార్వర్డ్ టు’ లాంటివీ ఎక్కువగా ఇలా మధ్యలో విడిపోవు.

విడిపోయేది ఏదో ఎలా తెలుస్తుంది? ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టుకోండి: ‘హి రాన్ అప్ ఎ హిల్’, ‘హి రాన్ అప్ ఎ బిల్’. మొదటివాడు కొండ మీదికి పరుగెత్తాడు, రెండోవాడు అప్పు పెంచుకున్నాడు. బిల్లు విషయంలో ‘హి రాన్ ఇట్ అప్’ అనవచ్చు. కొండ విషయంలో అలా అనలేం, ఎందుకంటే అక్కడ ‘అప్’ కొండకు చెందినది, పరుగుకు కాదు.

‘లుక్ ఫార్వర్డ్ టు’ గురించి విడిగా చెప్పాలి. మనవాళ్ల ఉద్యోగ దరఖాస్తుల చివరి వరుసలో ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు’ అని ఉంటుంది. అక్కడ ‘మీటింగ్ యు’ ఉండాలి. ఆ ‘టు’ తర్వాత వస్తువు పేరో, ‘ఇంగ్’ చేరిన క్రియో రావాలి. చదివేవాళ్ల కన్ను చివరి వరుస మీదే ఎక్కువసేపు ఆగుతుంది, ఆ ఒక్కటీ సరిచేసుకోండి.

ఫోనులో, భోజనాల దగ్గర

ఫోను మాటలు కొన్నే, కానీ రోజూ పనికొస్తాయి. ‘హోల్డ్ ఆన్’ ఉండమని. ‘పుట్ యు త్రూ’ లైను కలుపుతానని. ‘హ్యాంగ్ అప్’ పెట్టేయడం. ‘వుయ్ గాట్ కట్ ఆఫ్’ మధ్యలో లైను తెగిందని. ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యు’ మళ్లీ చెబుతానని, ఎప్పుడన్నది ఆయన ఇష్టం. ‘యు ఆర్ బ్రేకింగ్ అప్’ అన్నారంటే కంగారు పడకండి, మీ గొంతు ముక్కలు ముక్కలుగా వినబడుతోంది, అంతే. ఇద్దరు ప్రేమికులు ‘బ్రేకింగ్ అప్’ అయితే అది వేరే దుఃఖం.

ఫ్రేజల్ వెర్బులు కాకపోయినా వాటి వెంటే తిరిగే కొన్ని పలుకుబడులు ఉన్నాయి. పరాయి దేశపు ఇంట్లో ‘హెల్ప్ యువర్‌సెల్ఫ్’ అన్నారంటే వడ్డించుకోమని. మన పద్ధతిలో వాళ్లు వచ్చి కొసరి కొసరి వడ్డిస్తారని కూర్చుంటే ఆకలితో లేవాలి. మీరు ఇంకాస్త పెట్టబోతే అతిథి ‘ఐయామ్ గుడ్’ అన్నాడా, తన మంచితనం చెప్పుకోవడం లేదు, చాలు అంటున్నాడు. రెండోసారి బలవంతం చేయకండి, మన మర్యాద అక్కడ ఇబ్బంది అవుతుంది. ‘ఇట్ ఈజ్ ఆన్ మి’ అంటే బిల్లు నాది. ‘టెల్ మి అబౌట్ ఇట్’ అనగానే వివరాలు మొదలుపెట్టకండి, ఆ కష్టం నాకూ తెలుసులే అని దాని భావం. ‘బేర్ విత్ మి’ కాస్త ఓపిక పట్టమని. ‘వుయ్ షుడ్ క్యాచ్ అప్ సమ్‌టైమ్’ అన్నది చాలాసార్లు పిలుపు కాదు, మర్యాద మాట. తేదీ, చోటు చెబితేనే పిలుపు. ఇక ‘ఐయామ్ డౌన్’, ‘ఐయామ్ అప్ ఫర్ ఇట్’ రెండింటికీ అర్థం నేను సిద్ధమే అని. పైకీ కిందికీ తేడా లేని చోట తర్కం వెతకడం వృథా. ‘డౌన్ విత్ ఫీవర్’ అయితే మాత్రం జ్వరంతో పడకేశాడని, మళ్లీ పక్కనున్న మాటే కాపాడింది.

మన దేశంలో చెల్లేవి, బయట చెల్లనివి

‘ఐ పాస్డ్ ఔట్ ఇన్ 2020’ అని మనం ధైర్యంగా రాస్తాం. చదువు పూర్తయిందని మన భావం. అమెరికాలో చదివేవాళ్లకు మీరు 2020లో స్పృహ తప్పి పడిపోయినట్టు తోస్తుంది. సైనిక శిక్షణ ముగిసినప్పుడు చేసే ‘పాసింగ్ ఔట్ పరేడ్’ బ్రిటన్‌లోనూ ఉంది, మన వాడుకకు మూలం ఆ దారిలోదే కావచ్చు. అయినా బయోడేటాలో ‘గ్రాడ్యుయేటెడ్’ అని రాయండి. ‘కోప్ అప్ విత్’లో ‘అప్’ దండగ, ‘కోప్ విత్’ చాలు. ‘డిస్కస్ అబౌట్’లో ‘అబౌట్’ దండగ. ‘వేర్ ఆర్ యు పుట్ అప్?’ అని మనం బస గురించి అడుగుతాం, విదేశీయుడు కాసేపు ఆలోచిస్తాడు. ‘వేర్ ఆర్ యు స్టేయింగ్?’ అంటే వెంటనే చెబుతాడు. ఒంగోలులో ఒంగోలువాళ్ల మధ్య ఇవన్నీ హాయిగా వాడుకోండి, మన ఆంగ్లం కూడా ఆంగ్లమే. ఎదుట ఎవరున్నారన్నదే లెక్క.

ఇంకో సరిహద్దు కూడా ఉంది. కలెక్టరు కార్యాలయానికో బ్యాంకుకో రాసే అర్జీలో ‘పోస్ట్‌పోన్’, ‘సబ్‌మిట్’ లాంటివే మర్యాదగా ఉంటాయి. ‘పుట్ ఆఫ్’, ‘హ్యాండ్ ఇన్’ ఎదురెదురుగా మాట్లాడేటప్పటివి. ‘మేక్ ఔట్’తో జాగ్రత్త. దూరాన రాసి ఉన్నది పోల్చుకోవడం, చెక్కు రాయడం వంటి మంచి అర్థాలున్నా, అమెరికా కుర్రకారు నోట్లో మనిషి పేరు పక్కన అది ముద్దుల వ్యవహారం.

నోటుబుక్కు, నిఘంటువు

నోటుబుక్కులో అక్షరక్రమం వద్దు. ఇల్లు, ప్రయాణం, ఫోను, పని, ఆరోగ్యం, డబ్బు అని పేజీలు పెట్టుకోండి. జంటను ఒంటరిగా రాయకండి, నిండు వాక్యం రాయండి, అందులో మీ ఊరో మీ మనిషో మీ వస్తువో ఉండాలి. పక్కన ఆ వాక్యానికి మీ ఇంటి తెలుగు. అదే జంట రెండో అర్థంతో ఎదురైతే, ఆ అర్థం ఏ పేజీకి చెందితే అక్కడ రాయండి, మొదటిదాని కింద ఇరికించకండి. ‘బ్రింగ్ అప్’ పిల్లల పెంపకమైతే ఇంటి పేజీలోకి, మాటల్లో ఒక విషయం ఎత్తడమైతే పని పేజీలోకి, వాంతి అయితే ఆరోగ్యం పేజీలోకి పోతుంది. ఎదురుకాని అర్థాలను వెతుక్కుంటూ వెళ్లి నింపకండి, అవసరమైనవి అవే వస్తాయి.

నిఘంటువు కావాలంటే నేర్చుకునేవారి కోసం చేసినది వాడండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడూ ఫోనులో ఉచితంగా దొరుకుతాయి. ముందు అసలు క్రియ తెరిచి చివరికంటా వెళ్లండి, జంటలు ఎక్కువగా అక్కడే ఉంటాయి. అక్కడ మధ్యలో ‘సమ్‌థింగ్’, ‘సమ్‌బడీ’ లేదా వాటి పొట్టి రూపాలు కనిపిస్తాయి. ‘పుట్ సమ్‌థింగ్ ఆఫ్’ అని మధ్యలో ఉంటే విడిపోయే జంట, ‘లుక్ ఆఫ్టర్ సమ్‌బడీ’ అని చివర ఉంటే విడిపోనిది. ఆక్స్‌ఫర్డ్‌లో అయితే విడిపోయేవాటికి రెండు వైపులా మొనలున్న బాణం గుర్తు వేస్తారు. అర్థం చదివే ముందే ఉదాహరణ వాక్యాలు చదవండి, వాటి పక్కన ఏ నామవాచకాలు తిరుగుతున్నాయో గీత గీసుకోండి.

మాట్లాడేటప్పుడు ఏదైనా జంట అర్థం కాకపోతే తల ఊపి ఊరుకోకుండా, దాన్ని మీకు తెలిసిన పుస్తకాల మాటతో తిరిగి అడగండి. వ్యాపారి ‘కెన్ వుయ్ హోల్డ్ ఆఫ్ ఆన్ ద షిప్‌మెంట్?’ అన్నాడనుకోండి, ‘యు మీన్ డిలే ఇట్?’ అనండి. అవునంటే ఓడ ఎక్కించడం ఆపండి, రాత్రికి ఆ వాక్యం పని పేజీలో రాసుకోండి.